టర్కీలో పాత ఊళ్లు చూడాలంటే ఎలా? వీసా నుంచి వెజ్ భోజనం దాకా స్టెప్ బై స్టెప్

టర్కీ అనగానే మనవాళ్లకి ఇస్తాంబుల్, బెలూన్లు, తెల్లటి సున్నపు మెట్లలా ఉండే పాముక్కలే కొండ, ఇవే గుర్తొస్తాయి. తప్పేం లేదు, బాగుంటాయి. కానీ ఆ దేశం అసలు ఎలా బతికిందో తెలియాలంటే పాత ఊళ్లకి వెళ్లాలి, సఫ్రాన్‌బోలు, అమాస్యా, బేపజారి లాంటివి. ఆ చెక్క ఇళ్లు, రాళ్ల సందులు, ఇప్పటికీ సుత్తి చప్పుడు వినపడే కమ్మరి వీధి. ఇక్కడికి వెళ్దామనుకునే వాళ్లు మళ్లీ మళ్లీ అవే అడుగుతున్నారు: వీసా వస్తుందా, భూకంపాలు కదా, కార్డు పని చేస్తుందా, వెజ్ దొరుకుతుందా, అసలు ఇప్పుడు ఇండియన్స్ వెళ్లొచ్చా. ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరసగా రాసేస్తున్నా.

ఒక్క మాట ముందే చెప్తా. ఈ ట్రిప్‌లో ఇబ్బంది పెట్టేవాటిలో చాలా భాగం ఇంట్లో ఉన్నప్పుడే సెట్ చేసుకోవాల్సినవి, అక్కడ దిగాక చేద్దాంలే అనుకుంటే కొన్ని అసలు కుదరవు. అందుకే కింద సగం పైగా బయల్దేరేముందు పనులే ఉంటాయి, విసుక్కోకుండా చదవండి.

కావాల్సినవి

- కనీసం ఆరు నెలలు వ్యాలిడిటీ ఉన్న పాస్‌పోర్ట్, దాని ఫోటో ఫోన్‌లో, రెండు జిరాక్స్‌లు బ్యాగ్‌లో
- వీసా (స్టెప్ 2 చూడండి)
- ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసిన రెండు కార్డులు, వేరే వేరే బ్యాంకులవి అయితే మంచిది
- కొంచెం డాలర్లు గానీ యూరోలు గానీ, రూపాయలు మాత్రం అక్కడ ఎవరూ మార్చరు అనే అనుకోండి
- ముందే ఇన్‌స్టాల్ చేసిన ఈ-సిమ్ లేదా రోమింగ్ ప్యాక్
- రబ్బరు అడుగు గట్టిగా ఉన్న బూట్లు, బ్యాక్‌ప్యాక్
- రౌండ్ పిన్ అడాప్టర్ (మన సన్న టూ-పిన్ చార్జర్లు చాలావరకు పట్టేస్తాయి, ల్యాప్‌టాప్ త్రీ-పిన్ పట్టదు)
- ఆడవాళ్లకి ఒక చున్నీ, మసీదుల్లోకి వెళ్లేటప్పుడు తలమీద వేసుకోడానికి
- రోజూ వేసుకునే మందులు, ప్రిస్క్రిప్షన్‌తో సహా

స్టెప్ 1: ఏ ఊరు అన్నది ముందు తేల్చుకోండి

అన్నీ చూసేద్దాం అని లిస్ట్ రాసుకోవద్దు. టర్కీ పెద్ద దేశం, మ్యాప్‌లో పక్కపక్కన ఉన్నట్టు కనపడేవి బస్సులో ఎనిమిది గంటలు ఉంటాయి.

మొదటిసారి అయితే నా ఓటు సఫ్రాన్‌బోలుకే. 1994లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఒకప్పుడు ఒంటెల బిడారాలు ఆగే ఊరు, 13వ శతాబ్దం నుంచి రైలు వచ్చేదాకా ఆ వ్యాపారం మీదే బతికింది, ఆ డబ్బుతో కట్టుకున్న ఇళ్లే ఇవన్నీ. కింద అంతస్తు రాయి, పైన చెక్క ఫ్రేములో మట్టి ఇటుకలు, పై గదులు వీధి మీదకి పొడుచుకొచ్చి ఉంటాయి. 17వ శతాబ్దపు సత్రం జింజి హాన్ ఉంది, దాని దగ్గర్లో అప్పటి హమామ్ (స్నానశాల), చెప్పులు కుట్టేవాళ్ల పాత బజారు, కమ్మరి వీధి, అన్నీ నడిచే దూరంలో. పేరులోనే ఉన్నట్టు కుంకుమపువ్వు కూడా అక్కడ పండుతుంది, అక్టోబర్ చివర, నవంబర్ మొదట్లో కోత.

అమాస్యా యెషిల్‌ఇర్మాక్ నది ఒడ్డున. ఒకవైపు నీళ్ల మీదకి వంగినట్టున్న ఇళ్లు, వాటి వెనక కొండలో తొలిచిన పోంటస్ (ఇక్కడి ప్రాచీన రాజ్యం) రాజుల సమాధులు. ఒట్టోమన్ రాకుమారుల్ని పాలన నేర్చుకోమని ఇక్కడికి పంపేవాళ్లు, ప్రాచీన భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో పుట్టింది కూడా ఇక్కడే. చరిత్ర పిచ్చి ఉన్నవాళ్లకి సఫ్రాన్‌బోలు కంటే ఇదే నచ్చుతుంది.

టైమ్ తక్కువుంటే బేపజారి. అంకారా నుంచి దాదాపు 100 కిలోమీటర్లు, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. క్యారెట్లకి ఫేమస్, వీధిలో క్యారెట్ జ్యూస్ తాగాల్సిందే, వెండి తీగ పని నగలు కూడా ఇక్కడివే. బుర్సా పక్కన జుమాలికిజిక్ ఇంకా చిన్నది, 2014లో బుర్సాతో కలిపి యునెస్కోలో చేరింది. ఈ రెండూ శని ఆదివారాలు మాత్రం వద్దు, సిటీ జనం మొత్తం టిఫిన్‌కి అక్కడే దిగుతారు.

మార్దిన్ రాతి ఊరు, చాలా అందంగా ఉంటుంది, కానీ సిరియా సరిహద్దుకి దగ్గర, వేసవిలో మన రామగుండం ఎండలే. రెండో ట్రిప్‌కి ఉంచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి అంటే ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా, లేదా సెప్టెంబర్, అక్టోబర్. చలికాలంలో ఈ లోపలి ఊళ్లలో మంచు పడుతుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ ఆ రాళ్ల సందుల్లో పెద్దవాళ్లతో నడవడం ప్రమాదం. రంజాన్, బక్రీద్ పండగ సెలవులు కూడా చూస్కోండి, దేశం మొత్తం సొంతూళ్లకి బయల్దేరుతుంది, మన సంక్రాంతికి విజయవాడ హైవే గుర్తు తెచ్చుకోండి. 2026లో రంజాన్ పండగ మార్చి 20న, బక్రీద్ మే 27న మొదలు. ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతాయి కాబట్టి మీరు వెళ్లే ఏడాదికి వెతుక్కోండి.

స్టెప్ 2: వీసా

ఎక్కువ గందరగోళం ఇక్కడే. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి రెండు దారులు.

ఒకటి ఈ-వీసా. అమెరికా, యూకే, ఐర్లాండ్, షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) దేశాల్లో ఏదో ఒకదాని వీసా గానీ రెసిడెన్స్ పర్మిట్ గానీ మీ దగ్గర ఉండి, అది మీరు టర్కీలో దిగే రోజుకి చెల్లుబాటులో ఉండాలి. అప్పుడు ఆన్‌లైన్లో 30 రోజుల సింగిల్ ఎంట్రీ వస్తుంది. రెండోది, ఇవేవీ లేకపోతే వీసా సెంటర్ ద్వారా స్టిక్కర్ వీసా, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, హోటల్ బుకింగ్‌లు, ఇన్సూరెన్స్ అన్నీ పెట్టాలి, టైమ్ పడుతుంది కాబట్టి కనీసం నెలా నెలన్నర ముందు మొదలెట్టండి.

మనవాళ్లు ఎక్కువగా చేసే తప్పులు ఇవి:

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయిపోయినా, చేతిలో అప్రూవల్ నోటీస్ ఉంది కదా అని ఈ-వీసా తీసుకుంటారు. అప్రూవల్ నోటీస్ వీసా కాదండీ. పాస్‌పోర్ట్‌లో ఉన్న స్టాంపు తేదీ చూడండి. అది అయిపోయి ఉంటే ఈ దారి మర్చిపోండి. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు. అమెరికా పాస్‌పోర్టే ఉన్నవాళ్లకి 2024 జనవరి నుంచి వీసానే అక్కర్లేదు, అంటే ఇంట్లో పిల్లలకి ఒక రూలు, తల్లిదండ్రులకి ఇంకో రూలు, ఒక్కొక్కరిదీ విడిగా చూస్కోండి.

గూగుల్‌లో కొడితే పైన వచ్చే ఈ-వీసా సైట్లు చాలావరకు ఏజెంట్లవి, రెండు మూడింతలు లాగుతారు, కొన్ని అచ్చంగా మోసం. ప్రభుత్వ సైట్ అడ్రస్ చివర డాట్ గవ్ డాట్ టీఆర్ అని ఉంటుంది. అది కనపడకపోతే కార్డు నంబర్ కొట్టొద్దు.

సింగిల్ ఎంట్రీ అన్నది మర్చిపోయి మధ్యలో గ్రీకు దీవికో జార్జియాకో వెళ్లొద్దాం అనుకుంటారు. బయటికి వెళ్తే ఆ వీసా అయిపోయినట్టే.

ఎలా చెక్ చేయాలి: వీసా పీడీఎఫ్ పక్కన పాస్‌పోర్ట్ పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చండి. మన పేర్లతో ఇదే తిప్పలు, ఇంటిపేరు ముందు రాస్తాం, కొంతమందికి పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది, టికెట్‌లో ఒకలా వీసాలో ఇంకోలా పడుతుంది. పాస్‌పోర్ట్ ఫోటో పేజీ అడుగున రెండు లైన్లు ఉంటాయి కదా, వాటిలో పేరు ఎలా ఉందో టికెట్, వీసా రెండూ అలాగే ఉండాలి. పుట్టిన తేదీలో రోజు, నెల తారుమారు కాలేదా అన్నది కూడా చూడండి. ప్రింట్ తీసి పెట్టుకోండి.

స్టెప్ 3: ఫ్లైట్

నాకు తెలిసినంతలో హైదరాబాద్ నుంచి చాలామంది ఢిల్లీ, ముంబై మీదుగానో గల్ఫ్ మీదుగానో వెళ్తారు. గల్ఫ్ రూట్ అయితే ఒక సంగతి. 2025 జూన్‌లో ఇరాన్, ఇజ్రాయెల్ గొడవల్లో దోహా గగనతలం కొన్ని గంటలు మూసేశారు, వేలమంది ఇరుక్కుపోయారు. అందుకని మొత్తం ప్రయాణం ఒకే బుకింగ్‌లో ఉండాలి. చవగ్గా వస్తుందని రెండు ముక్కలు విడివిడిగా కొంటే, మొదటిది లేటయితే రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఇస్తాంబుల్‌లో రెండు ఎయిర్‌పోర్టులు. కొత్తది యూరప్ వైపు, సబిహా గోక్‌చెన్ ఆసియా వైపు. ఒకదాంట్లో దిగి ఇంకోదాంట్లో ఎక్కాలంటే ట్రాఫిక్‌లో రెండు గంటలు పైమాటే. లోకల్ ఫ్లైట్ బుక్ చేసేముందు ఏ ఎయిర్‌పోర్టో కోడ్ చూడండి, రేటు మాత్రమే చూసి కొనేయొద్దు.

ఇండియా, టర్కీ సంబంధాల గురించి. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణలో టర్కీ పాకిస్తాన్ వైపు నిలిచిందని చాలామంది ట్రిప్‌లు క్యాన్సిల్ చేసుకున్నారు, ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే, వెళ్లాలా వద్దా అన్నది మీ మనసుకి సంబంధించిన నిర్ణయం, నేను వాదించను. వెళ్దాం అనుకున్నవాళ్లు మాత్రం మన విదేశాంగ శాఖ సూచనలు టికెట్ కొనేముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఒకసారి చదవండి, హోటళ్లు ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నవే తీసుకోండి. ఊళ్లో మనుషుల సంగతి అయితే, హిందిస్తాన్ నుంచి వచ్చాం అంటే టీ ఇచ్చి సినిమాల గురించి అడిగేవాళ్లే ఎక్కువ. రాజకీయాలు మీరు ఎత్తకండి, వాళ్లు ఎత్తినా నవ్వి వదిలేయండి. అక్కడ అతాతుర్క్‌ని (ఆధునిక టర్కీ స్థాపకుడు) గానీ ప్రెసిడెంట్‌ని గానీ అవమానించడం చట్టరీత్యా నేరం, సోషల్ మీడియా పోస్టులు కూడా లెక్కే.

స్టెప్ 4: హోటల్, ఈ-సిమ్, ఇండియాలో ఉండగానే

దీన్ని విడిగా స్టెప్‌గా ఎందుకు రాశానంటే అక్కడ దిగాక చేయబోతే ఇవి ఆగిపోతాయి.

బుకింగ్ డాట్ కామ్ మీద 2017లో టర్కీ కోర్టు ఆంక్ష పెట్టింది. దేశం బయట ఉండి టర్కీ హోటళ్లు బుక్ చేయొచ్చు, లోపల ఉండి చేయబోతే టర్కీ హోటళ్లు చూపించదు. అంటే దిగాక చూద్దాం అనుకునేవాళ్లకి ఆ యాప్ ఉపయోగపడదు. బయల్దేరకముందే అన్ని రాత్రులూ బుక్ చేసి కన్ఫర్మేషన్ ఫోన్‌లో సేవ్ చేసి పెట్కోండి.

అలాగే 2025 జూలైలో చాలా విదేశీ ఈ-సిమ్ కంపెనీల సైట్లు, యాప్‌లు టర్కీలో బ్లాక్ చేశారు. ఇంటి దగ్గరే కొని, ఇన్‌స్టాల్ చేసి, దిగాక ఆన్ చేస్తే చాలు అన్న స్థితిలో ఉంచండి. కుదరకపోతే టర్క్‌సెల్, వోడాఫోన్, టర్క్ టెలికామ్ షాపుల్లో పాస్‌పోర్ట్ చూపించి టూరిస్ట్ సిమ్ తీసుకోవచ్చు, ఎయిర్‌పోర్టులో కంటే ఊళ్లో చవక.

మీ ఇండియా సిమ్ తీసి పారేయకండి. కార్డు ఓటీపీలు దానికే వస్తాయి. డ్యూయల్ సిమ్‌లో ఉంచి, రోమింగ్ యాక్టివేట్ చేసి, డేటా మాత్రం ఈ-సిమ్‌కి మార్చండి.

బస గురించి: పాత ఊళ్లలో ఉండాల్సింది కొనాక్‌లో, అంటే హోటల్‌గా మార్చిన పాత ఇంట్లో. చెక్క నేల కిర్రుకిర్రుమంటుంది, పైకప్పు మీద చెక్కడాలు చూస్తూ పడుకోవచ్చు, అది కాంక్రీట్ హోటల్‌లో రాదు. కానీ బుక్ చేసేముందు మెసేజ్ పెట్టి ఈ నాలుగూ అడగండి. గది ఎన్నో అంతస్తు (లిఫ్ట్ ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి). బాత్రూమ్ గదిలోనేనా (సఫ్రాన్‌బోలులో పాత ఇళ్లలో స్నానాల గది గోడ అల్మారాలో ఉండేది, కొన్ని హోటళ్లు దాన్నే షవర్ చేశాయి, లావుగా ఉన్నవాళ్లు తిరగడం కష్టం). హీటింగ్ ఉందా. కారు గుమ్మం దాకా వస్తుందా. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే ఈ నాలుగింటికీ సరైన జవాబు రాకుండా డబ్బు కట్టొద్దు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి గ్రౌండ్ ఫ్లోర్ గది అడిగితే చాలాచోట్ల ఇస్తారు.

టాయిలెట్‌లో నీళ్లుండవేమో అని బెంగ అక్కర్లేదు. కమోడ్‌కే చిన్న నీళ్ల గొట్టం, పక్కన కొళాయి ఉంటుంది. యూరప్‌లో పడ్డ కష్టం ఇక్కడ లేదు.

స్టెప్ 5: డబ్బు

పాత వీడియోల్లో చెప్పిన రేట్లు నమ్మొద్దు. 2021 మొదట్లో డాలర్‌కి ఏడెనిమిది లీరాలు (టర్కీ కరెన్సీ), 2025లో 40 దాటింది. 2022 అక్టోబర్‌లో అధికారిక ద్రవ్యోల్బణమే ఏడాదికి 85 శాతం. అంటే లీరా పడిపోయింది కాబట్టి మనకి చవక అనుకుంటారు, రేట్లు కూడా అంతకంత పెరిగాయి, ఇప్పుడు టర్కీ చవక దేశం కాదు. బడ్జెట్ లీరాల్లో వేయకండి, డాలర్లలోనో యూరోల్లోనో వేసి ఆరు నెలల్లోపు రాసిన రేట్లు చూడండి. పెద్ద మ్యూజియంలు, ఎఫెసస్ లాంటివి విదేశీయులకి యూరోల్లోనే రేటు కట్టాయి, ఇస్తాంబుల్‌లో అయా సోఫియాకి 2024 జనవరి నుంచి టూరిస్టులకి 25 యూరోలు పెట్టారు. పాత ఊళ్ల మేలు ఏంటంటే చూడాల్సింది వీధుల్లోనే ఉంటుంది, వీధికి టికెట్ లేదు. అందుకే ఈ ఊళ్ల కోసమే వెళ్తుంటే మ్యూజియం పాస్ కొనొద్దు, దండగ.

వరసగా చేయాల్సినవి:
1. బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్స్, ఏటీఎం, స్వైప్, ట్యాప్ అన్నీ విడివిడిగా ఆన్ చేసి లిమిట్ పెట్టండి. మన కార్డుల్లో మామూలుగా ఇవి ఆఫ్‌లోనే ఉంటాయి.
2. ఎయిర్‌పోర్టులో టాక్సీకో బస్సుకో సరిపడా మాత్రమే మార్చండి, అక్కడి రేటు దారుణం.
3. ఊళ్లో పెద్ద బ్యాంక్ ఏటీఎం వాడండి. స్క్రీన్ మీద ఎంత ఫీజో చూపిస్తుంది, ఎక్కువనిపిస్తే క్యాన్సిల్ కొట్టి పక్క బ్యాంక్‌కి వెళ్లండి.
4. ఏటీఎం గానీ షాపు మెషీన్ గానీ రూపాయల్లో కట్ చేయాలా అని అడిగితే వద్దు అనండి. లీరాల్లోనే. రూపాయలు ఒప్పుకుంటే వాళ్లు వేసిన రేటుకి కట్ అవుతుంది, నష్టం మీకే.
5. 200 లీరాల నోటే అన్నిటికంటే పెద్దది. చిన్న నోట్లు దాచుకోండి, షేర్ వ్యాన్లకి, బాత్రూమ్‌లకి కావాలి.

ఎలా చెక్ చేయాలి: మొదటి స్వైప్ చిన్న మొత్తానికి, టీ కొట్టులోనో వాటర్ బాటిల్‌కో చేయండి. బ్యాంక్ మెసేజ్‌లో లీరాలు అని వచ్చి ఆ రోజు గూగుల్ రేటుకి రెండు మూడు నాలుగు శాతం తేడాలో ఉంటే బాగున్నట్టే. అంతకంటే ఎక్కువుంటే ఎక్కడో రూపాయల బటన్ నొక్కారు.

యూపీఐ మీద ఆశ పెట్టుకోకండి.

స్టెప్ 6: ఊరికి చేరడం

ఇస్తాంబుల్ నుంచి సఫ్రాన్‌బోలుకి సుమారు 400 కిలోమీటర్లు, బస్సులో ఆరు గంటలు అటూ ఇటూ. అంకారా నుంచి అయితే మూడు గంటలు. నాకు నచ్చే దారి: ఇస్తాంబుల్ నుంచి అంకారాకి హైస్పీడ్ రైలు, నాలుగున్నర గంటలు, ఒక రాత్రి అక్కడ ఉండి పొద్దున్నే బస్సు. రైలు టికెట్లు ముందే అయిపోతాయి, ముఖ్యంగా శుక్ర, ఆదివారాలు.

బస్సులు మాత్రం చాలా బాగుంటాయి. ఒకవైపు రెండు సీట్లు, ఇంకోవైపు ఒక్కటే, హెల్పర్ కుర్రాడు టీ, కేక్ ఇస్తాడు. టికెట్‌కి పాస్‌పోర్ట్ నంబర్ అడుగుతారు. సీటు ఎంచుకునేటప్పుడు ఆడా మగా అని పెట్టాలి, పరిచయం లేని ఆడా మగా పక్కపక్కన కూర్చోడానికి బుకింగ్ సైట్ ఒప్పుకోదు. ఒంటరిగా వెళ్లే ఆడపిల్లలకి ఒంటి సీటు బెస్ట్. భార్యాభర్తలు విడివిడిగా కొంటే రెండో టికెట్ ఆ పక్క సీటుకి రాదు, ఇద్దరివీ ఒకేసారి కొనండి. కొన్ని సైట్లలో మన కార్డు పడదు, బెంగ పడకండి, ఓటోగార్, అంటే బస్టాండ్‌లో కౌంటర్‌కి వెళ్తే ఇస్తారు.

ఇక్కడ చాలామంది తప్పు దిగుతారు. సఫ్రాన్‌బోలు అంటే రెండు ఊళ్లు అనుకోండి. పైన కొత్త ఊరు కిరాన్‌కోయ్, మామూలు అపార్ట్‌మెంట్లు, బ్యాంకులు. అది చూసి ఇదేనా యునెస్కో అని నీరుగారిపోతారు. పాత ఊరు కింద లోయలో, దాన్ని చార్షి అంటారు. కిరాన్‌కోయ్ నుంచి చార్షికి చిన్న షేర్ వ్యాన్లు, దోల్ముష్‌లు తిరుగుతాయి, టాక్సీకి కూడా దగ్గరే. కొన్ని బస్సులు పక్కనున్న కరాబుక్ సిటీ దాకే వెళ్తాయి, టికెట్ మీద ఏముందో చూడండి.

ఎలా చెక్ చేయాలి: కాళ్ల కింద గుండ్రాళ్ల వీధి, ఎదురుగా జింజి హమామ్ గుమ్మటాలు కనపడితే సరైన చోటికి వచ్చినట్టే. చక్రాల సూట్‌కేస్ ఈ రాళ్ల మీద నడవదు, చక్రాలు ఊడతాయి. పెద్ద పెట్టె ఉంటే అంకారా హోటల్లో వదిలి చిన్న బ్యాగ్‌తో రండి.

స్టెప్ 7: ఊరు చూడ్డం

రెండు రాత్రులు ఉండండి. పగలు బస్సుల్లో వచ్చే గుంపులు సాయంత్రానికి వెళ్లిపోతాయి, ఊరు ఊరిలా కనపడేది పొద్దున్నే, చీకటి పడ్డాక. మొదటిరోజు సాయంత్రం హిదిర్లిక్ కొండ ఎక్కండి, ఊరంతా ఒక్క చూపులో కనపడి దారులు అర్థమవుతాయి. మర్నాడు మ్యూజియంగా మార్చిన కైమకామ్లార్ ఇల్లు చూడండి. ఒక్కో గది ఒక్కో కాపురానికి సరిపోయేలా ఎలా కట్టారో, పరుపులు పగలు అల్మారాలోకి ఎలా వెళ్తాయో చూస్తే మన ఉమ్మడి కుటుంబాల మండువా ఇళ్లు గుర్తొస్తాయి, నాకైతే అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. అలాంటి ఇళ్లు మనం ఎన్ని పడగొట్టుకున్నామో అనిపిస్తుంది. టైముంటే ఇంజెకాయా అక్విడక్ట్ (పాతకాలపు నీటి వంతెన), పక్కనే టోకట్లి లోయ.

జనం ఇంకా ఆ ఇళ్లలో బతుకుతున్నారు. కిటికీల్లోంచి ఫోటోలు తీయొద్దు, పిల్లల ఫోటోలు అడగకుండా అసలే వద్దు. మసీదుకి శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైమ్‌లో వెళ్లకండి. చెప్పులు ఇళ్లలోకి కూడా తేకూడదు, మనకది అలవాటే.

కుంకుమపువ్వు కొనేటప్పుడు: బజార్లలో, ముఖ్యంగా ఇస్తాంబుల్‌లో, చవగ్గా కుప్పలు పోసి అమ్మేది చాలావరకు కుసుమ పువ్వు, మన దగ్గర నూనె తీసే కుసుమే. అసలుది గ్రాముల్లో అమ్ముతారు, ముదురు ఎరుపు తీగ, ఒక కొస వెడల్పుగా బాకా ఆకారంలో ఉంటుంది. గోరువెచ్చని నీళ్లలో వేస్తే నీళ్లు మెల్లగా పసుపు రంగులోకి మారాలి, తీగ ఎర్రగానే ఉండాలి. వెంటనే రంగు వదిలేసి తీగ తెల్లబడితే మోసం.

గట్టి హెచ్చరిక ఒకటి. పాత నాణెం, కుండ పెంకు, శిథిలాల దగ్గర దొరికిన రాయి, ఏదీ బ్యాగ్‌లో వేసుకోవద్దు, ఎవరైనా అమ్మినా కొనొద్దు. 1983 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు దేశం దాటించడం పెద్ద నేరం, ఎయిర్‌పోర్టులో స్కానర్‌లో పడితే తెలియక తీసుకున్నా అంటే వినరు. పిల్లల జేబులు కూడా చూడండి.

స్టెప్ 8: వెజ్ వాళ్లు, బీఫ్ తినని వాళ్లు

దొరుకుతుంది, అడగడం తెలిస్తే చాలు. ఎత్ అంటే మాంసం, తావుక్ అంటే కోడి, చాలాచోట్ల మాంసం వద్దంటే కోడి పెడతారు, అది వాళ్లకి మాంసం కింద లెక్క కాదు. అందుకని రెండూ చెప్పాలి: "ఎత్ యెమియోరుమ్, తావుక్ దా యెమియోరుమ్." దానా, సిగిర్ అంటే బీఫ్, కుజు అంటే గొర్రె, కియ్‌మా అంటే ఖీమా. సుజుక్, పాస్తిర్మా రెండూ మామూలుగా బీఫే, టిఫిన్‌లో గుడ్డుతో కలిపేస్తారు చూస్కోండి.

నిశ్చింతగా తినగలిగేవి: చీజ్ లేదా పాలకూర లేదా ఆలూ గోజ్‌లెమె (మన పరాఠాకి దగ్గర), మెనెమెన్ (టమాటా, మిర్చి, గుడ్డు), ఆలివ్ నూనెతో వండి చల్లగా పెట్టే కూరలు, సిమిత్ (నువ్వులద్దిన గుండ్రటి రొట్టె), పచ్చళ్లు, ఐరాన్. ఐరాన్ అచ్చం మన ఉప్పు మజ్జిగ.

మోసపోయేవి: మెర్జిమెక్ చోర్బా పప్పు చారే గానీ కొన్నిచోట్ల మాంసం నీళ్లతో కాస్తారు, "ఎత్ సుయు వార్ మి?" అని అడగండి. ఇమామ్ బయిల్డి, కార్నియారిక్ రెండూ వంకాయ, చూడ్డానికి ఒకటే, రెండోదాంట్లో ఖీమా ఉంటుంది. ద్రాక్షాకు చుట్టల్లో చల్లగా ఉండేవి ఎక్కువగా వెజ్, వేడిగా పెట్టేవాటిలో ఖీమా ఉండే అవకాశం ఎక్కువ. అన్నిటికంటే ఎవరూ ఊహించనిది తావుక్ గోగ్సు, తెల్లటి పాల స్వీటు, దాంట్లో కోడి మాంసం పీచు కలుపుతారు! మాడిన అడుగుతో ఉండే కజాన్‌దిబి కూడా అదే కోవ, అడగకుండా తినొద్దు.

హోటల్లో మెనూ మీద రేట్లు లేకపోతే కూర్చోకండి. ఇస్తాంబుల్‌లో దారిలో పలకరించి డ్రింక్‌కి రమ్మనే కొత్త స్నేహితుడి వెంట అస్సలు వెళ్లకండి, బిల్లు చూసి ఏడవాల్సి వస్తుంది. చిన్న ఊళ్లలో ఈ బెడద చాలా తక్కువ.

స్టెప్ 9: భూకంపం, ఆరోగ్యం, అత్యవసరం

2023 ఫిబ్రవరి 6న ఆగ్నేయంలో వచ్చిన భూకంపాల్లో టర్కీలోనే 53 వేల మందికి పైగా పోయారు. మన ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందాలు కూడా ఆపరేషన్ దోస్త్ పేరుతో వెళ్లాయి. ఎంతో పురాతనమైన అంతాక్యా పాత ఊరు దాదాపు నేలమట్టం. అక్కడ జనం ఇంకా ఇల్లు కట్టుకునే పనిలో ఉన్నారు, దయచేసి శిథిలాలు చూడ్డానికి టూరిస్టుల్లా వెళ్లొద్దు. 2025 ఏప్రిల్‌లో ఇస్తాంబుల్ దగ్గర మర్మరా సముద్రంలో 6.2 వచ్చింది. సఫ్రాన్‌బోలు, అమాస్యా కూడా ఉత్తర అనటోలియా ఫాల్ట్‌కి (భూకంపాలు పుట్టే భూమి పగులు) మరీ దూరమేం కాదు. భయపెట్టడానికి చెప్పట్లేదు, రెండు నిమిషాల పని చేయమని చెప్తున్నా: గదిలోకి వెళ్లగానే మెట్లు, బయటి తలుపు ఎక్కడో చూడండి, రాత్రి బూట్లు, ఫోన్, పాస్‌పోర్ట్ మంచం పక్కనే పెట్టుకోండి. ఊగితే మెట్ల వైపు పరిగెత్తకండి, కిందకి వంగి, బల్ల కిందో మంచం పక్కనో తల కాపాడుకుని పట్టుకోండి, ఆగాక బయటికి రండి.

అన్ని అత్యవసరాలకీ ఒకటే నంబర్, 112. మందుల షాపుని ఎజానె అంటారు. రాత్రి మూసేసి ఉంటే వెళ్లిపోకండి, ఆ రాత్రి తెరిచి ఉండే డ్యూటీ షాపు పేరు, అడ్రస్ తలుపు మీద అంటించి ఉంటుంది. మన ఎంబసీ అంకారాలో, కాన్సులేట్ ఇస్తాంబుల్‌లో, రెండింటి నంబర్లూ కాగితం మీద రాసుకోండి, ఫోన్ పోతే ఫోన్‌లో ఉన్న నంబర్ పనికిరాదు. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు ప్రకృతి వైపరీత్యం వల్ల ట్రిప్ ఆగితే కవర్ ఉందా అన్న లైన్ వెతకండి, చవక పాలసీల్లో అది ఉండదు.

స్టెప్ 10: తిరుగు ప్రయాణం

సఫ్రాన్‌బోలు నుంచి పొద్దున బస్సెక్కి అదే రోజు రాత్రి ఇస్తాంబుల్ ఫ్లైట్ పట్టుకుందాం అని ప్లాన్ చేస్తారు. చేయొద్దు. ఇస్తాంబుల్ దగ్గరికొచ్చాక చివరి 50 కిలోమీటర్లకే రెండు గంటలు పట్టొచ్చు. ఆఖరి రాత్రి ఇస్తాంబుల్‌లో, మీ ఎయిర్‌పోర్ట్ ఏ వైపు ఉందో ఆ వైపు హోటల్ తీసుకోండి. మన టైమ్ వాళ్ల కంటే రెండున్నర గంటలు ముందు, ఇంటికి ఫోన్ చేసేటప్పుడు, టికెట్ మీద దిగే టైమ్ చూసేటప్పుడు గుర్తుంచుకోండి. మిగిలిన లీరాలు అక్కడే ఖర్చు పెట్టేయండి, హైదరాబాద్‌లో మార్చబోతే బాగా నష్టపోతారు. ఇంటికొచ్చాక బ్యాంక్ యాప్‌లో ఇంటర్నేషనల్ బటన్ మళ్లీ ఆఫ్ చేసి, ఒక నెల పాటు స్టేట్‌మెంట్ చూస్తూ ఉండండి, తెలియని లీరా ఎంట్రీ కనపడితే ఆ రోజే బ్యాంక్‌కి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించండి.